పడమటి పక్క మొలకలు

కంచె తాళం తీసి లోపలికి అడుగుపెట్టిన భూతద్దం, కింద చూసి అక్కడే కొయ్యబారిపోవడం దగ్గర కిందటి వారం కథ ఆపాం. పాపం, ఆమెను వారం రోజులు ఒంటికాలి మీద నిలబెట్టేశాం. కొత్తగా కథలోకి వచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పి, ఆమెను కదిలిద్దాం.

ఆ రక్షిత అడవిలో ఏ మొక్క పుట్టినప్పటినుంచీ అక్కడిదే, ఏది బయటినుంచి వచ్చి తిష్ఠ వేసింది అని లెక్క తేల్చే సర్వే ఇద్దరు ఆడవాళ్ళు చేస్తున్నారు. పెద్దావిడ సర్వేకి పెద్ద. గడ్డిపరకని కూడా కొలవకుండా వదలదని ఆఫీసులో అందరూ చాటుగా ఆవిణ్ణి కొలబద్ద అంటారు. చిన్నామె ఆవిడ తమ్ముడి పెళ్ళాం. మెడలో ఎప్పుడూ అద్దం వేలాడుతూ ఉండటం వల్ల ఆమె పేరే భూతద్దం అయిపోయింది. ఆఫీసులో ఉన్నంతసేపూ "మేడమ్" అని పిలవాలని వదినగారి ఆజ్ఞ. చెట్లలోకి రాగానే ఆ ఆజ్ఞ గాలికి పోతుంది, "వదినా" అనే మాటే నోట్లోకి వస్తుంది.

కథకి అసలు కారణం ఒక కలుపు మొక్క. దానికో పొడుగాటి శాస్త్రీయ నామం ఉంది కానీ అది పలికేలోపు టీ చల్లారిపోతుంది. గింజల నిండా చిన్న చిన్న కొక్కేలు. బట్టనో బొచ్చునో పట్టుకుందంటే వదలదు, ఒకచోట దిగిందంటే కదలదు. అందుకని ఆఫీసువాళ్ళు దానికి "చుట్టం" అని పేరు పెట్టారు. నిరుటి సర్వేలో ఈ అడవిలో చుట్టం ఊసే లేదు. ఈ ఏడు వానలు పడేసరికి అక్కడక్కడా తల ఎత్తింది. ఇలా వదిలేస్తే నేలనంటుకుని పెరిగే చిన్న మొక్కలన్నిటినీ మింగేస్తుంది.

ఎలా వచ్చిందని వెతికితే, అడవి మధ్య దారిలో రోజూ మేకల్ని తోలుకెళ్ళే ముసలాయన కనిపించాడు. ఊరంతా ఆయన్ని మేకల మామ అంటుంది. మేకల బొచ్చుకి అంటుకుని గింజలు వచ్చాయని వదిన రిపోర్టు రాసింది, దాన్ని సమావేశంలో అందరి ముందూ చదివింది. రేపు పదింటికి మళ్ళీ సమావేశం, అందులో ఆ దారి మూసేసే ఉత్తర్వు. దారి మూస్తే అవతలి పచ్చిక అందదు. లారీలు తిరిగే పెద్దరోడ్డు మీద మందని తోలడం అయ్యే పని కాదు. అంటే మేకల మామ మేకలు అమ్ముకోవాల్సిందే.

ఇక భూతద్దం నిలబడిన చోటు. అది జంతువు అడుగుపెట్టని నేలలో మొక్కలెలా పెరుగుతాయో పోల్చి చూడటానికి మనిషెత్తు ఇనప తీగ వల కట్టిన జాగా. కుందేలు కూడా దూరలేదు. తాళంచెవి ఒక్కటే, అది వదిన నడుముకే ఉంటుంది, ఆ పొద్దున పటం గీసుకునే పని పడి మరదలి చేతికిచ్చింది. అలాంటి చోట, కంచె లోపల, చుట్టం దర్జాగా పెరిగి ఉంది!

ఆమె ముందు తీగ చుట్టూ తిరిగింది. వంగి, చెయ్యి పెట్టి, ఎక్కడైనా కంత ఉందేమోనని చూసింది. లేదు. గాలికి వచ్చిందనుకుందామంటే అది ఎగిరే గింజ కాదు. పోనీ పిట్ట తెచ్చిందనుకుంటే ఒక మొక్క వస్తుంది, రెండొస్తాయి, గుంపు రాదు. బుర్ర వేడెక్కి, ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకుని ఒక రాయి మీద కూలబడింది.

కూలబడటమే మంచిదైంది. ఎందుకంటే సర్వేవాళ్ళు కూలబడరు. వాళ్ళు నేల మీద చెక్కతో చేసిన చదరం పెడతారు, దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటారు, లోపల ఉన్న మొక్కలు లెక్కపెడతారు, లేచి వెళ్ళిపోతారు. చదరం అంచు దాటి ఒక వేలెడు బయట ఏనుగు పడుకుని ఉన్నా వాళ్ళకి పట్టదు. "చదరం బయట ఉన్నది మనకి లేనట్టే" అన్నది వదిన మొదటి రోజే నేర్పిన పాఠం. అలా ఉంటేనే లెక్క లెక్కలా ఉంటుంది, నిజమే. ఆమె కూడా ఇన్నాళ్ళూ ఆ చెక్క లోపలి నేలనే చూసింది.

ఇప్పుడు దూరంగా కూర్చుని, చదరం పెట్టే నాలుగు గుర్తు కొయ్యల్నీ, చుట్టూ ఉన్న నేలనీ కలిపి చూసింది. చుట్టం లోపల మొలిచింది తక్కువ. అంచుని ఆనుకుని బయట మొలిచిందే ఎక్కువ. అదీ ఒక్క పక్కే, పడమర పక్క. తూర్పు వైపు ఒక్క మొలక లేదు. పడమట మాత్రం చాప పరిచినంత మేర, ఎవరో విత్తనాలు జల్లినట్టు ఒత్తుగా ఉంది.

గ్లాసులో టీ అలాగే వదిలేసి లేచింది. వాగు ఒడ్డున ఉన్న చదరం దగ్గరికి పోయింది. పడమర పక్కే. మేకల దారిలో ఉన్నదాని దగ్గరికి పోయింది. పడమర పక్కే. ఎండిన మాను దగ్గరిదీ అంతే. మేకలకి తూర్పు పడమరలతో పనేమిటి?

ఆ పని ఉన్నవాళ్ళు ఇద్దరే ఇద్దరు. లెక్క ఎప్పుడూ పొద్దున్నే పెడతారు. ఎండ తూర్పు నుంచి వస్తుంది. మనిషి నీడ చదరం మీద పడితే చిన్న మొలకలు కనపడవు, అందుకని పడమర పక్క కూర్చోవాలి. అప్పుడు నీడ వెనక్కి పోతుంది. మొదట్లో ఆమె మరిచిపోయి తూర్పున కూర్చుంటే వదిన కొలబద్దతో మోచేతి మీద కొట్టి మరీ లేపింది.

ఆమె ఫోను తీసింది. "వదినా, కంచె చదరం దగ్గరికి రండి. మీ మోకాళ్ళ చాప కూడా తెచ్చుకోండి," అంది.

వదిన చాప చంకలో పెట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటుంటే తిట్టుకుంటూ వచ్చింది. "ఏంటి పిల్లా, అంత కొంపలంటుకున్నాయా? రేపటి పటం సగంలో వదిలేసి వచ్చా."

"లోపల చుట్టం ఉంది."

"కంచె లోపలా? నీకేమన్నా మతిపోయిందా?"

"మీరే చూడండి."

వదిన చూసింది. చూసి, తీగని గుంజింది. "కింద ఎక్కడో కంత ఉండుంటుంది. మేకపిల్ల దూరుంటుంది."

"కంత లేదు. చుట్టూ తడిమి చూశా."

"అయితే తాళం ఎవరో తీశారు."

"చెవి మీ నడుముకే కదా ఉండేది."

వదిన మాట మార్చి, "సరే, ముందు లెక్క పెడదాం. దెబ్బలాట తర్వాత," అంది. అది ఆవిడ పద్ధతి. ఇల్లు కాలుతున్నా ముందు గదులెన్నో లెక్కపెట్టే రకం. చదరం తీసుకుని కొయ్యల మధ్య పెట్టింది. అలవాటుగా పడమర పక్కకి నడిచింది. చాప విప్పి, దులిపి, పరచడానికి వంగింది.

వంగింది వంగినట్టే ఉండిపోయింది. చాప కింద పడబోయే నేల ఎంతో, మొలకలున్న నేల అంతే.

భూతద్దం మొలకల వైపు వేలు చూపింది.

వదిన మెల్లగా నడుం నిటారు చేసింది. "ఇది చదరం బయట ఉంది," అంది. "చదరం బయట ఉన్నది..."

"మనకి లేనట్టే. ఆ మాట వల్లే ఇన్నాళ్ళూ మనకి కనపడలేదు వదినా. తక్కిన చదరాలు కూడా చూసొచ్చా. అన్నిటికీ పడమర పక్కే."

"అంటే? నా చాపలోంచి వచ్చాయంటావా?"

"పరిచింది మీరు, కుట్టింది నేను. ఇద్దరం కలిసే తెచ్చాం."

"నోరుముయ్! ఇక్కడికి రాకముందు ఏటి ఒడ్డు అడవిలో పని అయ్యాక ప్రతి వస్తువూ కడిగించాను. బూట్లు కడిగించాను, చదరం కడిగించాను. ఫ్లాస్కు అడుగు కూడా బ్రష్షుతో రుద్దించాను, నీ చేతే!"

"అన్నీ కడిగాం. ఒక్కటి తప్ప."

వదిన చేతిలోని చాప వంక చూసింది. ఇద్దరికీ ఆ సాయంత్రం గుర్తొచ్చింది.

ఆ చాప వట్టి చాప కాదు. భూతద్దం అత్తగారి, అంటే వదిన తల్లి, ఉన్ని దుప్పటి. ఆవిడ పోయాక పిల్లలు సామాన్లు పంచుకుంటుంటే వదిన బీరువా అడగలేదు, గాజులు అడగలేదు, మంచం మీది ఆ దుప్పటి ఒక్కటి చాలంది. అది సగం పురుగు కొట్టేసి ఉంది. మోకాళ్ళ నొప్పులతో వదిన నేల మీద కూర్చోలేక అవస్థ పడుతుంటే, మరదలే బాగున్న సగాన్ని కత్తిరించి, లోపల దూది పెట్టి, మోకాళ్ళ కిందకి చాపలా కుట్టి ఇచ్చింది. ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టని వదిన ఆ రోజు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

దాన్ని మొదటగా పరిచింది ఏటి ఒడ్డు అడవిలోనే. అక్కడ చుట్టం గుబురు గుబురుగా ఉంటుంది. పని అయ్యాక మరదలు అన్నిటితోపాటు చాపని కూడా సబ్బునీళ్ళ బకెట్లో వెయ్యబోయింది. వదిన పరిగెత్తుకొచ్చి లాక్కుంది. "ఉతికావంటే అమ్మ వాసన పోతుందే," అంది. బూటు మీద మట్టి కనిపిస్తే మనిషిని ఉతికి ఆరేసే ఆవిడ, ఆ మాట అంటుంటే చిన్నపిల్లలా కనిపించింది. పైపైన దులిపి ఊరుకున్నారు. ఆ వారమే ఈ అడవికొచ్చి మొదటి చదరం పెట్టారు.

"నేనన్నా గట్టిగా చెప్పాల్సింది," అంది భూతద్దం. "చెప్పలేకపోయా."

వదిన చాపని మడిచి, గుండెకి ఆనించి పట్టుకుంది. "ఇప్పుడేం చెయ్యమంటావు? రిపోర్టు అందరి ముందు చదివాను. అది తప్పంటే ఇన్నేళ్ళూ నేను చేసిన ప్రతి సర్వేనీ తిరగేస్తారు. ఇక్కడ నా ఉద్యోగం ఖాయం చేసే విషయం ఈ అడవి చూసే రేంజరుగారి చేతిలో ఉంది. నీదీ నా వెనకే కదా. కొంచెం ఆలోచించు. దారి మూస్తే ఏమవుతుంది? మేకల వల్ల అడవికి ఎలాగూ లాభం లేదుగా."

"లాభం సంగతి కాదు వదినా. చెయ్యని పనికి ఆయన శిక్ష అనుభవించాలా?"

"నీతులు చెప్పకు."

"నీతి కాదు. పొద్దున గేటు దగ్గర ఏం చూశానో చెప్తున్నా. మేకల మామ మందని నిలబెట్టి ఒక్కోదాన్నీ దువ్వుతున్నాడు. మనవరాలి దువ్వెన అట. మీరు చెప్పిన రోజు నుంచీ దువ్వే లోపలికి తోలుతున్నాడు. 'చదువుకున్నమ్మ చెప్పింది, నిజమే అయ్యుంటుంది. అడవిని పాడుచేశాం తల్లీ' అని నాతో అన్నాడు. ఆయన మనల్ని తిట్టుకుంటుంటే బాగుండేది. నమ్మేశాడు."

"చాలు," అంది వదిన.

కంచె దాటి వెళ్ళిపోయింది. తాళం వెయ్యమని కూడా చెప్పలేదు. వదిన తాళం మరిచిపోవడం భూతద్దం చూడటం అదే మొదటిసారి. తనే వేసి, చెవి జేబులో పెట్టుకుంది. కోపం, జాలి, రెండూ ఒకేసారి వచ్చి ఎటూ తోచలేదు.

సాయంత్రం ఇద్దరూ ఉండే క్వార్టర్స్‌లో దీపం వెయ్యలేదు. వదిన కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో చాప పెట్టుకుని, సన్న పట్టకారుతో కుట్ల మధ్య నుంచి ఏదో పీకుతోంది. పీకింది పీకినట్టు పచ్చడి సీసాలో వేస్తోంది. సీసా అడుగున నల్లగా, కొక్కేలతో, చుట్టం గింజలు. మరదలు స్విచ్చి వేసింది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, మెడలోంచి అద్దం తీసి ఇచ్చింది. వదిన తీసుకుంది.

"ఉప్మాలో రాయి ఏరినట్టు ఏరుతున్నారు," అంది కాసేపటికి మరదలు, ఊరికే ఉండలేక.

"నువ్వు చేసే ఉప్మాకి నాకు అలవాటేగా," అంది వదిన తల ఎత్తకుండా. మరదలికి అప్పుడు ఊపిరి ఆడింది.

ఇంకాసేపటికి వదిన అంది: "రేపు నేనే చెప్తా. నువ్వు నోరు విప్పకు. చాప నాది, తప్పు నాది."

"కుట్టింది నేను కదా."

"కుట్టడం తప్పెలా అవుతుంది? పిచ్చిమొహమా, వెళ్ళి అన్నం పెట్టు."

ఆ రాత్రి భూతద్దం హాయిగా నిద్రపోయింది. పదింటికి వదిన నిలబడి చెప్తుంది, ఉత్తర్వు ఆగిపోతుంది, మేకల మామ దువ్వెనని మనవరాలికి తిరిగి ఇచ్చేస్తాడు. అంతా సర్దుకున్నట్టే అనిపించింది.

పొద్దున లేచి పెరట్లోకి వస్తే దండెం మీద చాప ఆరేసి ఉంది. కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. దగ్గరికి వెళ్ళి ముక్కు ఆనించింది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. వదిన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఎండ తగిలితే ఆరుతుందిలే, పద," అంటూ తడి చాపనే మడిచి చంకలో పెట్టుకుంది. సీసా మరదలి చేతికిచ్చింది.

తొందరగా వెళ్ళి, రేంజరుగారితో ముందే ఒక మాట చెబుదామని బయలుదేరారు. అడవి గేటు దగ్గరికి వచ్చేసరికి మేకల అరుపులు వినిపించాయి. మేకల మామ ఈ వేళప్పుడు మందని దువ్వుతూ ఉంటాడు. అలాగే అనుకుని భూతద్దం నవ్వుతూ మలుపు తిరిగింది. అక్కడ మంద లేదు. రోడ్డు పక్క గోడ మీద గులాబీరంగు దువ్వెన ఒకటి ఉంది. అరుపులు వస్తున్నది ఎదురుగా కదులుతున్న వ్యానులోంచి. జాలీ వెనక మేకలు ఒకదాని మీద ఒకటి ఒరిగిపోతున్నాయి. అన్నిటికంటే ముందు నడిచే గంట మేక మెడలో గంట లేదు. అది ముందు సీట్లో కూర్చున్న మేకల మామ చేతిలో ఉంది.

"అయ్యో! అమ్మేశాడు వదినా!"

ఆ మాట పూర్తయ్యేలోపు పక్కన వదిన లేదు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకునే మనిషి, ఎప్పుడు కదిలిందో, రోడ్డు నడిమధ్యకి వెళ్ళి, తడి చాపని రెండు చేతులతో పైకెత్తి నిలబడింది. వ్యాను కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఓ అమ్మా! చావడానికి నా బండే దొరికిందా?" అని అరిచాడు.

వదిన అతణ్ణి చూడనే లేదు. "మామా, మేకల్ని దింపించండి," అంది. అంతకుముందెప్పుడూ ఆయన్ని అలా పిలవలేదు. రిపోర్టులో "పశువుల యజమాని" అని రాసింది, మాటల్లో "ఆ మేకలాయన" అనేది. "తప్పు మీ మేకలది కాదు. ఆ గింజలు నా చాపకి అంటుకుని వచ్చాయి. తెచ్చింది నేను. నన్ను క్షమించండి."

మేకల మామ కిటికీలోంచి ఆవిణ్ణి చాలాసేపు చూశాడు. మొహంలో కోపం లేదు. అదే చూడలేకపోయింది భూతద్దం.

"ఆ రోజు అంతమందిలో చెప్పారు కదమ్మా, నా మేకలే చేశాయని," అన్నాడు. "వెనక బెంచీ మీద కూర్చుని నా మనవరాలు కూడా వింది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇప్పుడు రోడ్డు మీద చెప్తున్నారు. వినడానికి ఎవరున్నారు, నేనూ, ఈ డ్రైవరూనూ."

"పదింటికి సమావేశంలో కూడా చెప్తాను. అందరి ముందూ చెప్తాను."

"పదింటికి ఇవి సంతలో ఉంటాయమ్మా. మాట ఇచ్చేశాను. జరగండి."

డ్రైవరు హారన్ కొట్టాడు. దానికి జవాబుగా అన్నట్టు వెనక నుంచి ఇంకో హారన్. రేంజరుగారి జీపు. దాని వెనక, సమావేశానికని నడిచి వస్తున్న ఊరివాళ్ళు. రేంజరుగారు తల బయటపెట్టి, "ఏంటి మేడమ్ ఈ గొడవ? పక్కకి రండి. ఉత్తర్వు తెచ్చాను, మీ సంతకం ఒక్కటే మిగిలింది," అన్నారు.

వదిన వెనక్కి తిరిగి జీపుని చూసింది, జనాన్ని చూసింది. తర్వాత వ్యాను చక్రాల ముందు, తారు మీద, ఆ తడి చాప పరిచింది. మోకాళ్ళు కటుక్కుమంటుండగా దాని మీద కూర్చుంది.

"సమావేశం ఇక్కడే పెట్టుకుందాం రేంజరుగారూ," అంది. "అందరినీ దగ్గరికి రమ్మనండి. పిల్లా, ఆ సీసా ఇటు పట్రా."

రేంజరుగారు జీపు దిగారు. సీసా వంక, దాన్ని పట్టుకొస్తున్న మరదలి వంక, కింద కూర్చున్న ఆవిడ వంక చూశారు. ఏమర్థమైందో, గొంతు తగ్గించారు. "మేడమ్, మీరేం చెప్పబోతున్నారో కొంచెం ఆలోచించుకుని చెప్పండి. అది విన్నాక మిమ్మల్ని ఇక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదు."

"తెలుసు," అంది వదిన. భూతద్దం వెళ్ళి ఆవిడ పక్కనే, చాప మీద మిగిలిన కాస్త చోట్లో కూర్చుంది. వదిన జరిగి చోటిచ్చింది.

జనం చుట్టూ మూగారు. మేకల మామ మనవరాలు అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చింది. వదిన సీసా పైకెత్తి, అందరికీ వినపడేలా, రిపోర్టు చదివిన ఆ గొంతుతోనే మొదలుపెట్టింది.

వ్యాను తలుపు తెరుచుకుంది. మేకల మామ ఒక కాలు కింద పెట్టాడు. రెండో కాలు ఇంకా లోపలే ఉంది.